ఒకవైపు తలుపుల బండి

మా బావని ఒకచోట కూర్చోబెట్టడం ఎవరి వల్లా కాలేదు. సిటీ బస్సు నడిపినన్నాళ్ళూ కూర్చునే ఉన్నాడు కదా, ఆయన కోటా అంతా అక్కడే అయిపోయినట్టుంది. ఉద్యోగం అయ్యాక ఇంట్లో కాలుగాలిన పిల్లే. హాల్లోంచి వంటింట్లోకి, వంటింట్లోంచి వాకిట్లోకి, మళ్ళీ హాల్లోకి. దారిలో కనపడ్డ ఫ్యానల్లా ఆపేస్తాడు, కింద మనిషి పడుకున్నా సరే. ఈయనకి ఇంట్లో కూడా రూటు కావాల్రా, స్టాపులు పెట్టడం నా వల్ల కాదు, అంటుంది మా అక్క.

నేను వాళ్ళ ఇంటి పక్క షెడ్డులోనే కార్లకి డెంటింగు, పెయింటింగు చేస్తుంటా. మా మేనకోడలు పళ్ళ ల్యాబులో కట్టుడు పళ్ళు తయారు చేస్తుంది. అమ్మడు అని పిలుస్తాం. దానిది డెంటలు, నాది డెంటింగు, ఇద్దరిదీ ఒకటే చదువు, నేను ఆరో క్లాసులో కాస్త ముందుగా పూర్తి చేశా అంతే, అని వచ్చినవాళ్ళందరికీ చెప్తుంటా. అమ్మడికి ఒళ్ళు మంట. అందుకే చెప్తా.

ఆ మధ్య ఒకరోజు పొద్దున్న బావకి మాట తడబడింది. ఆస్పత్రికి తీసుకెళ్తే తలలో చిన్న నరమొకటి మూసుకుపోయిందన్నారు. మాట వచ్చేసింది. కాలూ చెయ్యీ బానే ఉన్నాయి. పోయింది ఒక్కటే, కుడిపక్క చూపు. డాక్టరమ్మ కాగితం మీద ఒక గుండ్రం గీసి, కుడి సగం గీతలు కొట్టి చూపించింది. కళ్ళు బాగానే ఉన్నాయట. కానీ కుడిపక్క ఉన్నదాన్ని పట్టుకునే చోటు తలలో పనిచెయ్యట్లేదట. ఏ కన్ను మూసినా, ఏ కన్ను తెరిచినా అంతేనట. ఇక బండి ముట్టుకోవద్దంది.

బావ ఆ కాగితం అటూ ఇటూ తిప్పి చూశాడు. నాకెక్కడా నల్లగా లేదమ్మా అన్నాడు. నల్లగా ఉండదండీ, ఆ పక్క అసలు లేనట్టే ఉంటుంది, లేదన్న సంగతి కూడా మీకు తెలీదు, అందావిడ. నాకు తెలీనిది నాకుందని మీరు చెప్తే ఎలాగమ్మా, మీరు భలేవారే, అని నవ్వేసి బయటికొచ్చి చెప్పులేసుకున్నాడు. ఎడమది దొరికింది, కుడిది కనపడలేదు. పక్కనే ఉంది. వెంటనే నా వైపు తిరిగి, ఆస్పత్రిలో కూడా వేషాలేనా, తియ్యి, అన్నాడు. ఆయన అనుకోడంలో తప్పులేదు. ఆయన చెప్పులు నేను దాచినన్నిసార్లు చెప్పుల కొట్టువాడు కూడా దాచుండడు.

అక్కడితో ఆగితే బాగుండేది. డిపోలో బావతో పనిచేసినాయన ఒకడు స్కూలు పిల్లల్ని తిప్పే వ్యాను పెట్టాడు. డ్రైవరు మానేశాడు, సోమవారం నుంచి నువ్వు రా, అన్నాడు. బావకి పెళ్ళి కుదిరినంత సంబరం. నరం సంగతి ఎత్తలేదు. కాస్త నీరసం చేసింది, తగ్గిపోయింది, అని చెప్పి వ్యాను తాళం అప్పుడే జేబులో వేసుకొచ్చాడు. ఆ తాళం ఇక ఒంటిమీద నగ అయిపోయింది. స్నానానికి వెళ్తూ సబ్బు పెట్టెలో పెట్టుకెళ్ళేవాడు.

అమ్మడు మామూలుగా చెప్పింది. తర్వాత గట్టిగా చెప్పింది. తర్వాత ఏడ్చింది. చెవిటివాడి ముందు శంఖం. మీలో ఎవరైనా ఆ వ్యానువాడికి చెప్పారంటే ఈ ఇంటి గడప తొక్కను అన్నాడు బావ. మా అక్క ఇద్దరి మధ్యా నలిగిపోయింది. ఇంట్లో ఉంటే నన్ను చంపుతాడు, బయటికెళ్తే ఎవర్ని, అని అంతటితో ఆపేసి, కడిగిన గిన్నే మళ్ళీ కడగడం మొదలుపెట్టింది. అమ్మడు నా షెడ్డుకొచ్చి తెగేసి చెప్పింది. ఆదివారం సాయంత్రం దాకా చూస్తుందట. అప్పటికీ నాన్న తనంతట తాను మానకపోతే తనే వెళ్ళి వ్యాను ఆయనకి చెప్పేస్తుందట. ఇంటికి రాకపోతే రాకపోనీ, ఎవరి బిడ్డో పోయాక నాకు నాన్న ఎందుకు, అంది. అమ్మడి నోట అంత మాట ఎప్పుడూ వినలేదు. నాకు జోకు తట్టలేదు.

మరి ఆదివారం దాకా ఆయన్ని ఏదో పనిలో పెట్టాలి కదా. అక్కడొచ్చాయి ఈ స్పేస్‌షిప్పులు.

మా అమ్మడికో పిచ్చి ఉంది. పెద్ద బల్ల మీద యుద్ధం ఆట. పాచికలు, దూరం కొలిచే టేపు, బొటనవేలంత సైనికులు, వాళ్ళకి ట్యాంకులు, బళ్ళు. అసలు బళ్ళు కొనాలంటే దాని జీతం భోరుమంటుంది. అందుకని పాత సామాన్ల సంతకి వెళ్ళి, ఎవరో చిన్నతనంలో సగం అతికించి వదిలేసిన బొమ్మ స్పేస్‌షిప్ కిట్లు ఏరుకొస్తుంది. రెక్క విరిగినవి, అట్టపెట్టె చిరిగినవి, ఎలా అతికించాలో చెప్పే కాగితం పోయినవి. వాటికి రెక్కలు కోసేస్తుంది. తోక తెచ్చి ముందు పెడుతుంది. మంట వచ్చే గొట్టాలు ఫిరంగులవుతాయి. పళ్ళకి వాడే మైనం, పళ్ళు అరగదీసే చిన్న మిషను, అన్నీ వీటికే. చంద్రుడి మీదకి వెళ్ళాల్సినవాణ్ణి తీసుకొచ్చి మట్టి రోడ్డు మీద తోలుతున్నావు, వాడి ఉసురు తగులుతుందే, అంటుంటా. చివర్లో రంగు కొట్టేది మాత్రం నా షెడ్డులోనే, నా స్ప్రే గన్‌తోనే. ఉసురులో నాకూ వాటా ఉంది.

ఆ ఆదివారం ఆటకి దానికి సైనికుల్ని మోసే బండి ఒకటి కావాలి. ఓ లావుపాటి స్పేస్‌షిప్ కిట్టు తెచ్చి భోజనాల బల్ల మీద పరిచి, కావాలనే బావ తిరిగే దారిలో కూర్చుంది. వెళ్తూ ఒకసారి చూశాడు. వస్తూ ఒకసారి చూశాడు. మూడోసారి ఆగాడు.

అమ్మడు అప్పుడు స్పేస్‌షిప్‌కి ముందున్న గాజు మూతని మైనంతో పూడ్చేస్తోంది. ఎందుకు పూడుస్తున్నావన్నాడు. లోపల సీటు కందిగింజంత ఉంది, నా సైనికుడు బొటనవేలంత, వాడు అందులో పట్టడు, మూత కనపడితే బండి మొత్తం బొమ్మలా కనపడుతుంది, అందుకని మూసేసి పైన పెద్ద మూత ఒకటి పెడతా, అని చెప్పింది. బావ మొహం మాడిపోయింది.

"మరి డ్రైవరు ఎట్నుంచి చూస్తాడు?"

లోపల టీవీలాంటి మిషన్లో చూస్తాడంది. ఎదురుగా అద్దం లేకుండా బండి తీసేవాడు డ్రైవరు కాదు, హంతకుడు, అన్నాడు. అని కుర్చీ లాక్కున్నాడు. కూర్చున్నాడు. మా అక్క వంటింట్లోంచి తొంగిచూసి, చప్పుడు చెయ్యకుండా వచ్చి ఫ్యాను వేసి వెళ్ళిపోయింది.

ఇక చూస్కోండి. అమ్మడికి కావాల్సింది గాల్లో తేలే బండి, ఆయన చేసేది బస్సు. చక్రాలు లేనిది బండే కాదని ఓ విరిగిన బొమ్మ లారీ చక్రాలు ఊడబీకి పెట్టాడు. అద్దం కోశాడు. రెండు వైపులా వెనక చూసుకునే అద్దాలు పెట్టాడు, బిస్కెట్ పొట్లం రేకు కత్తిరించి, గోరు మీద పట్టేంత అద్దాలు. ఒకచోట ఉన్నాడే గానీ కుదురు లేదు. కింద కాలు ఆడుతూనే ఉంటుంది, క్లచ్చు, బ్రేకు, క్లచ్చు. మధ్యమధ్యలో జేబు తడుముకుంటాడు, తాళం ఉందా అని. కుడి చేతి దగ్గర పెట్టిన జిగురు సీసా రోజూ పోయేది. రోజూ నన్నే తిట్టేవాడు. ఒక్కరోజు మాత్రం నిజంగా నేనే తీశా.

అసలు గొడవ తలుపుల దగ్గర వచ్చింది. ఈ ఆటలో ఒక రూలుంది. బొమ్మ మీద తలుపు ఎక్కడుంటే సైనికులు అక్కడే దిగాలి. అందుకని తెలివున్నవాళ్ళు వెనకొకటి, రెండు పక్కలా రెండు పెట్టుకుంటారు. అమ్మడు ల్యాబు నుంచి వచ్చేసరికి బావ తలుపులు కోసేసి, మెట్లు కూడా అతికించి కూర్చున్నాడు. ముందొకటి, వెనకొకటి. రెండూ ఎడమవైపే.

కుడిపక్క తలుపేది నాన్నా అంటే, కుడిపక్క తలుపు పెడితే జనం రోడ్డు మధ్యలో దిగుతారు, ఎవడన్నా గుద్దితే నువ్వు బాధ్యత తీసుకుంటావా అన్నాడు. వాళ్ళు జనం కాదు, సైనికులంది. సైనికుడైతే లారీ గుద్దదా అన్నాడు. ఆ వైపు కోద్దామంటే జిగురు ఎండిపోయి పలక రాయిలా గట్టిపడింది. కోస్తే బండి మొత్తం పగులుతుంది. అమ్మడు తల పట్టుకుంది. నేను మాత్రం పొట్ట పట్టుకు నవ్వా. ప్రపంచంలో ఎడమవైపు దించే స్పేస్‌షిప్ ఇదొక్కటే బావా, టికెట్ మిషను కూడా పెట్టు, అన్నా.

రంగు వెయ్యడానికి నా చేతికొచ్చాక నేను ఊరుకుంటానా. అమ్మడు పక్కన పడేసిన కట్టుడు పళ్ళ వరస ఒకటి దొరికితే బండి ముందు జాలీ బదులు అతికించా. ఇంత నోరు తెరిచి ఇకిలిస్తున్నట్టు వచ్చింది. తలుపు పైన సన్న బ్రష్షుతో "ముందు దిగనివ్వండి, తర్వాత ఎక్కండి" అని రాశా. అందులో ఒక ఒత్తు తప్పు పోయిందని అమ్మడంది. అసలు ఇన్ని అక్షరాలు కరెక్టుగా వచ్చినందుకు నాకే ఆశ్చర్యం. తిడతాడేమో అనుకున్న బావ ఆ పళ్ళని చూసి, డిపో మేనేజరు ఇలాగే నవ్వేవాడు, ఉంచు, అన్నాడు.

పని అయిపోయింది. ఆయన మళ్ళీ లేచి తిరగడం మొదలుపెట్టాడు. తాళం జేబులోనే ఉంది. శనివారం పొద్దున్నే వెళ్ళి వ్యాను కడిగొచ్చాడు. చక్రాల్లో గాలి చూశాడట, సీట్లు తుడిచాడట, చిన్న పిల్లలు ఎక్కడానికి మెట్టు ఎత్తయిందని కింద చెక్క కూడా పెట్టించాడట. సంతోషంగా చెప్తుంటే అమ్మడు కంచంలో చెయ్యి పెట్టుకుని అలాగే కూర్చుంది.

ఆదివారం పొద్దున్న ఆటకి బావ కూడా వస్తానన్నాడు. నా బండి నేనే నడుపుతా, నువ్వు నడిపితే గేరు బాక్సు పోతుంది, అన్నాడు. గేరు బాక్సు లేదు నాన్నా అని అనలేక అనలేక అమ్మడు సరేనంది. కారులో డ్రైవరు సీట్లో అదే ముందుగా ఎక్కి కూర్చుంది. నేను వెనక ఎక్కా. బావ దాని పక్కన కూర్చుని దారంతా కాళ్ళతో నేల తొక్కుతూనే ఉన్నాడు. బేకరీ ముందు ఆగేసరికి కాళ్ళకింది మ్యాటు మడతలు పడి ఉంది.

ఆట ఆ బేకరీ మేడ మీద గదిలో. బేకరీ ఆయనే అమ్మడితో ఆడేది. కేకు మీద క్రీము గులాబీలు పెట్టే చెయ్యి కదా, సైనికుల కంటి రెప్పలు కూడా వేస్తాడు. నెమ్మదస్తుడు. పాచిక పడిపోయినా దానికి నొప్పెట్టిందేమో అన్నట్టు తీస్తాడు. బల్ల మీద అట్టలతో, థర్మాకోలుతో కూలిపోయిన ఊరు కట్టి ఉంచాడు. మధ్యలో విరిగిన నీళ్ళ ట్యాంకు. ఎవరి మనుషులు ముందు ఆ ట్యాంకు చేరితే వాళ్ళది గెలుపు. అమ్మడి సైనికులు ట్యాంకుకి వెళ్ళే వీధిలో కుడి గోడ పక్కన వరసగా నిలబడి ఉన్నారు. ఇంకొందరు బావ బండిలో ఉన్నారు.

బండిని చూసి బేకరీ ఆయన ముచ్చట పడిపోయాడు. అద్దాలు చూశాడు, మెట్లు చూశాడు, పళ్ళు చూసి మాత్రం కాసేపు ఆలోచించాడు. తలుపులు ఒకవైపే ఉన్నాయేంటని అడిగితే, అంతా ఆయన పద్ధతి, అంది అమ్మడు.

బావ వంతు వచ్చింది. ట్యాంకు వీధికి ఎడమవైపున ఉంది. తలుపులు కూడా ఎడమవైపే కాబట్టి బండిని తెచ్చి దాని పక్కనే ఆనించాలి. వేరేవాళ్ళయితే బండి ఎత్తి అక్కడ పెట్టేస్తారు. బావ ఎత్తలేదు. తోలాడు. వీధి మొదట్లోంచి బల్ల మీద ఆనించి, నోట్లో సన్నగా ఇంజను చప్పుడు చేసుకుంటూ తెచ్చాడు. స్టాపు దగ్గర పడుతుంటే పొడుగు బస్సుని తిప్పినట్టే ముక్కుని ముందు కుడికి కోసి, మళ్ళీ ఎడమకి తీసుకుని, ట్యాంకు గోడకి వెంట్రుకవాసి దూరంలో ఆపాడు. అంత అందంగా ఆపడం నేను చూళ్ళేదు.

కుడికి కోసినప్పుడు గోడ పక్కనున్న అమ్మడి సైనికులు ఒక్కొక్కరే కింద పడ్డారు.

నేను ముందు నవ్వా. అద్దాలు పెట్టావు కదా బావా, చూసుకోవద్దూ, అన్నా. ఆయన పట్టించుకోలేదు, తన బండినే చూసుకుంటున్నాడు. బేకరీ ఆయన మర్యాదస్తుడు కదా, పడ్డవాళ్ళని నిలబెట్టబోయాడు. అమ్మడు ఆయన మణికట్టు మీద చెయ్యి వేసి ఆపింది. అప్పుడు చూశా దాని మొహం. నా నవ్వు సగంలో ఎక్కడో ఆగింది, మింగాలో కక్కాలో తెలీలేదు.

"గీత కూడా పడలేదు చూడు," అన్నాడు బావ.

"నాన్నా, తల కుడివైపు తిప్పు."

తిప్పాడు. పడి ఉన్నవాళ్ళు కనపడ్డారు. ఇవెప్పుడు పడ్డాయన్నాడు. నువ్వు వస్తుంటే, అంది. కాసేపు వాళ్ళనే చూశాడు. తర్వాత మొహం తేటపడింది. మెల్లగా నా వైపు తిరిగాడు, దొంగని పట్టినవాడిలాగా.

"ఒరేయ్. నువ్వే కదా?"

ఇక్కడ నా పరిస్థితి చెప్పాలి. అవును బావా నేనే అంటే చాలు. అందరం నవ్వుకునేవాళ్ళం. ఆట సాగేది, బేకరీ ఆయన టీ తెప్పించేవాడు, బావ తాళం తడుముకుంటూ ఇంటికొచ్చేవాడు. ఆయన నన్ను అడగడం కూడా కాదు, బతిమాలుతున్నాడు. కళ్ళలో తెలుస్తోంది. నేనొక్క అబద్ధం ఆడితే ఆయన లోకం ఎక్కడిదక్కడే ఉంటుంది. అబద్ధాలు నాకేమన్నా కొత్తా. అమ్మడు నా వైపు చూడకుండా కిటికీ వైపు చూస్తోంది.

"నేను కాదు బావా."

నీ మాట ఎవడు నమ్ముతాడు పో, అన్నాడు. నిజమే, నా మొహానికి నిజం నప్పదు. మళ్ళీ నిలబెట్టండి, మళ్ళీ తోలతా, వీణ్ణి దూరంగా పంపండి, అన్నాడు. నన్ను కిటికీ దగ్గర, చేతులు వెనక్కి కట్టుకుని గోడకి ఆనుకు నిలబడమన్నాడు. బళ్ళో అల్లరి చేస్తే నిలబెట్టేవాళ్ళు చూడండి, అలాగ. నిలబడ్డా. అమ్మడు సైనికుల్ని ఉన్నచోటే మళ్ళీ నిలబెట్టింది. బేకరీ ఆయన పాచికలు పక్కన పెట్టేశాడు.

బావ బండిని వీధి మొదటికి తెచ్చాడు. కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. ఈసారి ఇంజను చప్పుడు లేదు. మెల్లగా, చీమ నడిచినట్టు తోలాడు. కొత్తగా లైసెన్సు తీసుకున్నవాడు కూడా అంత జాగ్రత్తగా తోలడు. ఎడమకి తిప్పెయ్ బావా, కుడికి పోకు, అని మనసులో అనుకుంటూనే ఉన్నా. కానీ ఆయన చెయ్యి బస్సు చెయ్యి. స్టాపు వచ్చేసరికి తనంతట తానే కుడికి కోసింది.

టిక్కుమని ఒక చప్పుడు. వెంటనే ఇంకోటి.

చూళ్ళేదు ఆయన. విన్నాడు. చెయ్యి బండి మీదే ఉండిపోయింది. తల తిప్పలేదు. తిప్పితే చూడాల్సొస్తుంది కదా. కింద బేకరీలో ఎవరో ట్రేలు సర్దుతున్నారు, ఆ చప్పుడు వినపడుతోంది. ఎదురుగా చూస్తూనే అన్నాడు.

"ఇవి మరీ చిన్నవమ్మా. ఎవరికైనా కనపడవు."

"నీ వ్యాను పక్కన నిలబడేవాళ్ళూ చిన్నవాళ్ళే నాన్నా."

అప్పుడు తిప్పాడు తల. భుజంతో సహా తిప్పి, పడ్డవాళ్ళని చూశాడు. వంగి ఒకణ్ణి తీశాడు. వాడి తుపాకి వంగిపోయింది, దాన్ని గోటితో తిన్నగా చేద్దామని చూశాడు, కుదర్లేదు. అమ్మడికి ఇచ్చాడు. అమ్మడు వాణ్ణి గుప్పిట్లో పెట్టుకుంది గానీ బల్ల మీద పెట్టలేదు.

జేబులోంచి తాళం తీశాడు. అమ్మడు చెయ్యి చాపింది. దానికి ఇవ్వలేదు. వాడికి నేనే చెప్పొస్తా, అన్నాడు. కారులో దింపుతా నాన్నా అంటే, కూర్చోలేనమ్మా ఇప్పుడు, నడుస్తా, అన్నాడు. బేకరీ ఆయన పాపం ఏం చెయ్యాలో తెలీక బిస్కెట్ల పొట్లం ఒకటి తెచ్చి చేతిలో పెట్టబోయాడు. బావ అప్పటికే మెట్లు దిగుతున్నాడు. ఆ పొట్లం నేను తీసుకుని వెనకాల పరిగెత్తా.

వీధిలో పడ్డాక ఆయన నడక చూడాలి. నడక కాదది, పారిపోవడం. ఎదురొచ్చేవాళ్ళు తప్పుకుంటున్నారు. సైకిలువాడొకడు కుడిపక్కనుంచి రాసుకుంటూ పోతే ఉలిక్కిపడి గోడకి ఆనుకున్నాడు. ఇన్నాళ్ళూ ఇలాంటివి ఎన్ని అయ్యుంటాయో, ప్రతిదానికీ ఎవర్నో ఒకణ్ణి తిట్టుంటాడు. ఎక్కువ నన్నే. నేను గబగబా వెళ్ళి ఆయనకి కుడివైపు నడవడం మొదలుపెట్టా.

నాలుగు అడుగులు వెయ్యగానే ఆగిపోయాడు. ఒరేయ్ ఎక్కడున్నావురా, అన్నాడు. పక్కనే ఉన్నా. పక్కనే అంటే ఏ పక్క అన్నాడు. లేని పక్క, అన్నా. నోరు జారింది. కొడతాడనుకున్నా. కొట్టలేదు.

"అయితే ఏదోటి వాగుతూ ఉండు. నువ్వున్నట్టు తెలియాలి."

పుట్టినప్పట్నుంచీ నన్ను నోరుముయ్యమన్నవాళ్ళే గానీ వాగమన్నవాళ్ళు లేరు. తీరా అడిగితే ఒక్క ముక్క రాలేదు. ఆయన నడుస్తున్నాడు, తాళం గుప్పిట్లో గట్టిగా పట్టుకునున్నాడు, నేను పక్కన నోరు తెరుచుకుని నడుస్తున్నా. ఏం చెయ్యను. కుడిపక్క ఉన్న బోర్డులు చదవడం మొదలుపెట్టా. నా చదువు మీకు తెలిసిందే, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటే గానీ రాదు. జిరా... జిరాక్సు, లామి... ఏదో పొడుగ్గా ఉంది బావా. ల్యామినేషన్రా వెధవా, అన్నాడు. తర్వాత టైలరు, షట్టరు వేసుంది. మందుల షాపు. వాచీల కొట్టు. మెట్ల మీద కూర్చుని ఓ ముసలమ్మ చెప్పు కుట్టించుకుంటోంది. ఓ స్కూటరు అడ్డంగా పెట్టుంది, ఇటు జరుగు. ఇక్కడ గోడ.

"గోడ మీద ఏముంది?"

"ఏం లేదు బావా. ఉత్త గోడ."

ఊఁ అన్నాడు. ఆ ఉత్త గోడ అయిపోయేదాకా కాస్త నెమ్మదిగా నడిచాడు. మళ్ళీ జోరు.

వ్యాను ఆయన ఇంటి ముందే ఉంది వ్యాను. కడిగి ఒక్కరోజే అయింది కదా, మెరుస్తోంది. ఈయన పెట్టించిన చెక్కమెట్టు కూడా ఉంది. బావ దాన్ని చూడనట్టే నడిచాడు. అది ఎడమపక్కే ఉంది, కనపడకపోవడానికి లేదు. గేటు దగ్గర ఆగి, నువ్విక్కడే ఉండు, లోపలికొస్తే ఏదో ఒక వెధవ జోకు వేసి పని చెడగొడతావు, అన్నాడు. ఏం చెప్తావు బావా అన్నా. ఉన్నది చెప్తా అన్నాడు. వాడు నవ్వి, అదేం కాదులే అంటే, అన్నా. అంటాడు, వాడికి డ్రైవరు కావాలి, అన్నాడు.

అని లోపలికి అడుగేశాడు. కుడి భుజం గేటు స్తంభానికి ఠక్కున కొట్టుకుంది. నేను చెయ్యి చాపా గానీ పట్టుకోలేదు. ఆగాడు. ఎవర్నీ తిట్టలేదు. తల మొత్తం కుడికి తిప్పి ఆ స్తంభాన్ని పైనుంచి కిందదాకా, కొత్తగా ఎవరో ఇప్పుడే పాతినట్టు చూశాడు. ఒంటిని ఎడమకి జరుపుకుని, ఒక చెయ్యి దాని మీద ఆనించి, లోపలికి వెళ్ళాడు.